ఉప్పుగాలి తగిలిన వీడియోగేమ్

వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. పైన గడ్డకట్టి, అడుగున నీళ్లు ఊరి ఉంటుంది. ఆ నీళ్లను ఎవరూ పోయలేదు, గాలిలోని తేమను ఉప్పే పీల్చుకుంది. సముద్రం పక్కన పాత వీడియోగేమ్‌లు ఎందుకు చచ్చిపోతాయో, మన దగ్గర చెప్పుకునే రిపేరు చిట్కాలు అక్కడ ఎందుకు పూర్తిగా పనిచేయవో తెలియాలంటే ముందు ఆ డబ్బాను అర్థం చేసుకోవాలి.

ఈ సంగతి నా దృష్టికి వచ్చింది ఒక ఫోన్ కాల్‌తో. మా చిన్నాన్న కుటుంబం శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడింది. 2024లో ఆ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు కానీ మా ఇళ్లల్లో ఇంకా పాత పేరే నడుస్తోంది. తొంభైల్లో చిన్నాన్న విశాఖ నుంచి ఓడలో తిరిగి వెళ్తూ పిల్లల కోసం ఒక వీడియోగేమ్ కొనుక్కెళ్లారు. జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్‌కు నకళ్లుగా దేశమంతా అమ్ముడుపోయిన పెట్టెల్లో అదీ ఒకటి. పసుపు రంగు క్యాసెట్, రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ. చిన్నాన్న ఇప్పుడు లేరు. ఇల్లు సర్దుతుంటే మా తమ్ముడికి అటక మీద ఆ పెట్టె దొరికింది. అడాప్టర్ పెడితే ఎర్ర లైటు వెలిగింది గానీ తెర మీద ఒట్టి బూడిద రంగు తప్ప ఏమీ రాలేదు. రిపేరు షాపులో చూపిస్తే ‘ఐసీ పోయింది, పారేయండి’ అన్నారట.

‘అన్నా, యూట్యూబ్‌లో చెప్పినట్టు ఆల్కహాల్‌తో క్యాసెట్ పిన్నులు తుడిచాను. రెండు రోజులు బ్రహ్మాండంగా ఆడింది. మూడో రోజు మళ్లీ బూడిదే’ అన్నాడు.

నాకు ఆసక్తి కలిగించింది ఆ రెండు రోజులే. చిప్ నిజంగా కాలిపోయి ఉంటే రెండు రోజుల కోసం బతికి రాదు. కాబట్టి లోపం చిప్‌లో లేదు, చిప్ దాకా వెళ్లే దారిలో ఉంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక అండమాన్‌తో వీడియో కాల్ కాస్త నిలకడగా ఉంటోంది. ఆ ధైర్యంతోనే వైద్యం మొదలుపెట్టాం.

ముందు కరెంటు సంగతి

ఏ పాత యంత్రమైనా స్క్రూలు విప్పకముందే అడగాల్సిన ప్రశ్న, దానికి సరైన కరెంటు అందుతోందా అని. దీనికి కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ ఒకటి చాలు.

తమ్ముడి అడాప్టర్ మీద 9 వోల్టులని రాసి ఉంది. కొలిస్తే 12.6 చూపించింది. ‘ఇదే పాడుచేసింది’ అని కంగారుపడ్డాడు. కాదు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత బరువైన అడాప్టర్లు ఏమీ మోయనప్పుడు ఎక్కువ వోల్టేజీ చూపిస్తాయి, పని పడినప్పుడు దిగివస్తాయి. పెట్టె తగిలించి కొలిస్తే 9.8కి దిగింది. ఆ కరెంటు లోపల 7805 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ గుండా వెళ్లి సరిగ్గా 5 వోల్టులుగా మారాలి. మల్టీమీటర్ నల్ల పుల్లను మధ్య కాలికి, ఎర్ర పుల్లను మూడో కాలికి ఆనిస్తే 5.02 వచ్చింది. ఆ రెగ్యులేటర్ వేడెక్కితే భయపడనక్కర్లేదు. అది మిగులు వోల్టేజీని వేడిగా మార్చి వదిలించుకుంటుంది. అర ఆంపియరు తీసుకునే పెట్టె అయితే, పైన 4 వోల్టులు మిగిలాయనుకుంటే 2 వాట్ల వేడి.

అడాప్టర్ మార్చేవారు గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది పిన్ను ధ్రువం. జపాన్ పద్ధతిలో తయారైన చాలా పెట్టెలకు పిన్ను మధ్యలో నెగటివ్ ఉంటుంది, ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యలో పాజిటివ్. పెట్టె వెనక ముద్రించిన చిన్న బొమ్మ చూడకుండా తగిలించవద్దు. రెండోది, విదేశాల నుంచి తెచ్చిన పెట్టెలు. జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు, మన ఇళ్లలో 230. ఏసీ కరెంటును డీసీగా మార్చినప్పుడు కెపాసిటర్ మీద పడేది దాని శిఖర విలువ, అంటే 1.41 రెట్లు. అక్కడ 141 వోల్టులు, ఇక్కడ సుమారు 325. 200 వోల్టులు తట్టుకునే కెపాసిటర్ మీద 325 పడితే ఏమవుతుందో ఊహించగలరు. శబ్దం కూడా బాగానే వస్తుంది.

అండమాన్ గాలిలో ఏముంది?

కరెంటు బాగానే ఉంది. మరి బూడిద తెర ఎందుకు?

పోర్ట్ బ్లెయిర్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మే నెలలో నైరుతి మొదలైతే ఈశాన్య రుతుపవనాలు వెళ్లేదాకా అంటే దాదాపు ఏడాది చివరిదాకా ఏదో ఒక వాన. గాలిలో తేమ ఎక్కువ రోజులు 80 శాతం దగ్గరే ఉంటుంది. దీనికి తోడు అలలు విరిగినప్పుడు ఎగిరే సూక్ష్మ బిందువులు గాలిలో ఆరి, కంటికి కనిపించని ఉప్పు రేణువులుగా ఇళ్లలోకి వస్తాయి. కిటికీ ఊచలు, ఫ్యాను రెక్కలు, వీడియోగేమ్ లోపలి బోర్డు, వాటికి అన్నీ ఒకటే.

ఉప్పుకు ఒక ప్రత్యేక గుణం ఉంది. గాలిలో తేమ ఒక హద్దు దాటేదాకా అది పొడిగా, బుద్ధిగా ఉంటుంది. హద్దు దాటగానే తేమను లాక్కొని తానే కరిగి ద్రావణమైపోతుంది. శుద్ధమైన సోడియం క్లోరైడ్‌కు ఆ హద్దు సుమారు 75 శాతం. సముద్రపు ఉప్పులో కొద్దిగా ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతమే చాలు. వంటింటి డబ్బాలో ఊరే నీటికి చాలావరకు కారణం అదే.

ఇప్పుడు ఒకే పెట్టెను రెండు ఊళ్లలో ఊహించండి. ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్‌లో తేమ 30 శాతం, బోర్డు మీద ఉప్పు రేణువు ఉన్నా అది ఒట్టి దుమ్ము. అదే రేణువు పోర్ట్ బ్లెయిర్‌లో ఉప్పునీటి చుక్క. ఉప్పునీరు కరెంటును మోస్తుంది, లోహాన్ని తింటుంది.

క్యాసెట్ అంచున కనిపించే బంగారు రంగు పట్టీల్లో బంగారం పూత ఎంతో పలచగా ఉంటుంది. చౌక క్యాసెట్లలో అదీ ఉండకపోవచ్చు. పూతకున్న సూక్ష్మ రంధ్రాల గుండా ఉప్పునీరు కింది నికెల్‌ను, రాగిని తాకుతుంది. రెండు వేర్వేరు లోహాలు, మధ్యలో ఉప్పునీరు. మీరు బడిలో చేసిన నిమ్మకాయ బ్యాటరీ ఇదే. ఆ చిన్న బ్యాటరీలో అరిగిపోయేది రాగి. ఇత్తడి చెంబు మీద పట్టే పచ్చటి చిలుం లాంటిది రంధ్రాల్లోంచి పైకి పాకి పట్టీని కప్పేస్తుంది.

చిలుం కరెంటును సరిగా పోనివ్వదు. ఫ్యామికామ్ క్యాసెట్‌కు 60 పట్టీలుంటాయి. వాటిలో ఒక్కటి తప్పినా ఏమవుతుందో చూడండి. చిప్ ఒకేసారి ఎనిమిది తీగల మీద ఒక సంఖ్యను చదువుతుంది. క్యాసెట్‌లో 77 ఉందనుకుందాం, ఒకట్లు సున్నాల్లో రాస్తే 01001101. 8 విలువ మోసే తీగ తెగితే చిప్‌కు అది 01000101గా, అంటే 69గా అందుతుంది. ఆ సంఖ్య బొమ్మలోదైతే తెర మీద పిచ్చి గీతలు కనిపిస్తాయి. అది ప్రోగ్రామ్‌లో ఆదేశమైతే యంత్రం దారి తప్పి ఆగిపోతుంది, తెర బూడిదగా మిగులుతుంది. అందుకే గీతలు, చెదిరిన బొమ్మలు కనిపిస్తే నిరాశపడకండి. చాలావరకు అవి పట్టీల జబ్బు లక్షణాలే.

చిన్నప్పుడు మనమంతా క్యాసెట్‌లోకి ఉఫ్ అని ఊదినవాళ్లమే. ఊదితే పనిచేసేది కూడా. నిజానికి పనిచేయించింది ఊపిరి కాదు, క్యాసెట్ తీసి మళ్లీ పెట్టడం. అప్పుడు పిన్నులు కొత్త చోట రాసుకుంటాయి. ఊపిరిలోని తేమ మాత్రం చిలుముకు ఎరువు. నింటెండో కంపెనీయే ఊదవద్దని చెప్పింది. ఎవరూ వినలేదు.

ఆల్కహాల్ ఎందుకు ఓడిపోయింది

ఇంటర్నెట్‌లో ప్రతి రిపేరు పాఠంలోనూ ఒకే మాట ఉంటుంది: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. జిడ్డుకు, వేలిముద్రలకు, పాత గ్రీజుకు అది మంచి మందు. త్వరగా ఆరిపోతుంది, నీటిని వెంట తీసుకుపోతుంది. కానీ ఉప్పు?

ఇంట్లో చేసి చూడండి. రెండు గాజు గ్లాసులు తీసుకొని ఒకదానిలో నీళ్లు, ఇంకోదానిలో కొద్దిగా ఆ ఆల్కహాల్ పోయండి. పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి. రెండింటిలోనూ చిటికెడు ఉప్పు వేసి కలపండి. నీళ్లలో మాయమవుతుంది. ఆల్కహాల్‌లో మాత్రం అడుగున అలాగే కూర్చుంటుంది. ఉప్పులోని సోడియం, క్లోరిన్ అయాన్లను విడదీసి పట్టుకునే శక్తి నీటి అణువులకు ఉన్నంతగా ఆల్కహాల్ అణువులకు లేదు.

తమ్ముడికి జరిగింది ఇదే. ఆల్కహాల్ జిడ్డును, తడిని తీసేసింది. ఉప్పును తీయలేదు, అటూ ఇటూ జరిపింది. పొడిగా ఉన్నంతసేపు ఆట నడిచింది. రెండు రాత్రుల తేమకు ఆ ఉప్పు మళ్లీ నీరయింది.

కాబట్టి సముద్రపు ఊళ్లలో శుభ్రం చేసే క్రమం వేరు. ముందు నీరు, తర్వాత ఆల్కహాల్. కుళాయి నీరు పనికిరాదు, అందులోనూ లవణాలుంటాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కావాలి. అదే షాపులో యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి కాబట్టి లేబుల్ రెండుసార్లు చదవండి.

పెట్టెను ప్లగ్గు నుంచి తీసి, బ్యాటరీలుంటే తొలగించి, బోర్డును బయటికి తీశాం. విప్పే ప్రతి దశలో ఫోటో తీయమన్నాను. బిగించేటప్పుడు జ్ఞాపకాన్ని నమ్ముకుంటే చివరికి రెండు స్క్రూలు మిగులుతాయి. క్యాసెట్ పట్టీలను, బోర్డును, క్యాసెట్ దిగే గాడిని మెత్తటి టూత్‌బ్రష్‌తో డిస్టిల్డ్ నీటితో కడిగాడు. నీరు మార్చి రెండోసారి కూడా. పచ్చటి చిలుం కరుడుకట్టిన రెండు చోట్ల పెన్సిల్ రబ్బరుతో నెమ్మదిగా రుద్దాడు. గరుకు కాగితం ముట్టుకోవద్దన్నాను, చిలుముతో పాటు మిగిలిన పూత కూడా పోతుంది. ఆపై ఆల్కహాల్ పోసి మిగిలిన నీటిని వెళ్లగొట్టాడు. 80 శాతం తేమలో బట్టలే ఆరవు, బోర్డు ఎలా ఆరుతుంది? ఫ్యాను కింద ఒక పూట ఉంచి, తర్వాత సిలికా జెల్ సంచులతో గట్టి మూత డబ్బాలో రెండు రోజులు పెట్టాడు. మోటార్లు, స్పీకర్లు, సీడీ నడిపే భాగాలు ఉన్న యంత్రాలను ఇలా కడగకూడదు. వాటిని విడదీశాకే బోర్డుకు స్నానం.

మూడో రోజు పెట్టె వెలిగింది. వారం గడిచినా ఆడింది.

దీనితోనూ రాకపోతే? ఆ నకలు పెట్టెల్లో చాలావాటికి ప్రాణమంతా బోర్డు మీద నల్లటి రెసిన్ బొట్టు కింద ఉంటుంది. ఆ బొట్టు లోపల పాడైతే ఇంట్లోనే కాదు, ఎక్కడా బాగుచేయలేరు. అప్పుడు షాపువాళ్ల మాటే నిజం. కానీ ఆ మాట చివర అనాల్సింది, మొదట కాదు.

కెపాసిటర్లు, బ్యాటరీలు, కటకాలు

పాత యంత్రం అనగానే కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేయాలనే వాదన ఒకటి ఉంది. నాకు అది పూర్తిగా నచ్చదు. చౌక బోర్డులను అనవసరంగా వేడి చేస్తే రాగి గీతలే లేచిపోతాయి. ముందు లెక్క చూద్దాం. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లో ద్రవం ఉంటుంది, అది మెల్లగా ఆరిపోతుంది. ఇంజినీర్లు వాడే మోటు సూత్రం, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసేది 45 డిగ్రీల దగ్గర 64 రెట్లు, అంటే 1,28,000 గంటలు, దాదాపు పద్నాలుగున్నరేళ్లు నిరంతరాయంగా పనిచేయాలి. లోపల 65 డిగ్రీలుండే యంత్రంలో అది నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి వేడి దగ్గర ఉన్న కెపాసిటర్లను ముందు అనుమానించండి. తెర మీద పాకే అడ్డపట్టీలు, సన్నగిల్లిన శబ్దం, దానంతటదే రీసెట్ కావడం, ఉబ్బిన తల, అడుగున జిగురులాంటి తడి, ఇవీ లక్షణాలు. మార్చేటప్పుడు మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, నెగటివ్ చార ఉన్న వైపు తప్పకూడదు.

ఆటను దాచుకునే క్యాసెట్లలో సీఆర్ 2032 లాంటి 3 వోల్టుల నాణెం బ్యాటరీ ఉంటుంది. ఇరవై ఏళ్ల నాటి ఆటలో మీరు ఎక్కడిదాకా వచ్చారో ఆ జ్ఞాపకాన్ని నిలిపి ఉంచేది అదొక్కటే. బ్యాటరీ తీసిన క్షణం ఆ జ్ఞాపకం పోతుంది. అన్నయ్యో నాన్నో వదిలి వెళ్లిన ఆట అందులో ఉంటే, క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి చదివే పరికరంతో ముందు నకలు తీయించి, తర్వాతే మార్చండి. బ్యాటరీ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టకూడదు, లిథియం పేలవచ్చు. రేకులు అతికించి ఉన్న బ్యాటరీలు దొరుకుతాయి.

చేతి ఆటల్లో పెన్సిల్ బ్యాటరీలు కారిపోవడం మరో జబ్బు. ఆల్కలైన్ బ్యాటరీ కారితే తెల్లటి క్షారం, దానికి వెనిగర్ విరుగుడు. మన కిరాణా కొట్లలో ఎక్కువగా అమ్మే జింక్ కార్బన్ బ్యాటరీ కారితే అది ఆమ్ల గుణం కలది, వెనిగర్ వేస్తే లాభం లేదు, తినే సోడా కలిపిన నీటితో తుడవాలి. రెండింటి తర్వాతా డిస్టిల్డ్ నీరు, ఆల్కహాల్ మామూలే.

2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. దాని ఫిర్యాదు ఒకటే, డిస్క్ చదవదు. లేజర్ కాంతి కటకం గుండా వెళ్లి, డిస్క్ మీద పడి, మళ్లీ అదే కటకం గుండా తిరిగి రావాలి. ఉప్పు పొర వల్ల కటకం 80 శాతం కాంతినే పోనిస్తోందంటే, రెండుసార్లు దాటేసరికి మిగిలేది 64 శాతం. డిస్టిల్డ్ నీటితో తడిపి పిండిన ఇయర్ బడ్‌తో, బరువు వేయకుండా ఒకసారి, ఆల్కహాల్‌తో ఇంకోసారి తుడిస్తే చాలాసార్లు చదువుతుంది. కటకం ప్లాస్టిక్‌ది, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలితే మసకబారుతుంది. లేజర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పి శక్తి పెంచమనే చిట్కాను చివరిదాకా ఆపండి, అది డయోడ్ ఆయుష్షును ముందే ఖర్చు చేయడం. మూత తీసి నడుపుతూ లోపలికి తొంగిచూడవద్దు. సీడీలు చదివే 780 నానోమీటర్ల కిరణం దాదాపు కంటికి ఆనదు, కంటిని మాత్రం దెబ్బతీస్తుంది.

ఆ లావు ప్లేస్టేషన్ 2లో కరెంటు సరఫరా బోర్డు పెట్టె లోపలే ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో ఇందాక చెప్పిన 325 వోల్టులు కొంతసేపు నిలిచి ఉండవచ్చు. అనుభవం లేనివారు ఆ బోర్డు జోలికి వెళ్లకూడదు. బయట 8.5 వోల్టుల అడాప్టర్ ఉండే మొదటి స్లిమ్ మోడళ్లలో ఈ భయం లేదు.

అటక కన్నా ఆటే మేలు

తమ్ముడు అడిగిన తెలివైన ప్రశ్న ఒకటుంది. పక్కింటివాళ్ల పెట్టె కూడా అప్పటిదే, వాళ్ల పిల్లలు వారం వారం ఆడుతూనే ఉన్నారు, అదెందుకు పాడవలేదు?

గాలి వేడెక్కితే అందులోని నీరు తగ్గదు, కానీ గాలి మోయగలిగే నీరు పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి, పనిచేస్తున్న పెట్టె లోపల 40 డిగ్రీలకు చేరితే దాని సాపేక్ష తేమ సుమారు 46 శాతానికి పడిపోతుంది. మామూలు ఉప్పు హద్దు 75 కన్నా చాలా కింద. వాడుకలో ఉన్న యంత్రం తనను తానే ఆరబెట్టుకుంటోందన్నమాట. అటక మీద ప్లాస్టిక్ కవర్లో చుట్టి ‘భద్రంగా’ దాచింది మాత్రం తడి గాలితో కలిసి బందీ అవుతుంది. దాచక తప్పకపోతే గట్టి మూత డబ్బా, సిలికా జెల్. నారింజ రంగు గుళికలు రంగు మారితే 110 నుంచి 120 డిగ్రీల దగ్గర వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. నీలం గుళికల్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు.

ఏసీ గది నుంచి బయటికి తెచ్చిన పెట్టెను వెంటనే ఆన్ చేయకూడదు కూడా. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల వస్తువును తాకితే చాలు, మంచు పట్టడం మొదలవుతుంది. ఓ గంట ఆగండి.

ఇంతా చేశాక తమ్ముడి దగ్గర ఒక ఫిర్యాదు మిగిలింది. తుపాకీ పనిచేయడం లేదు, ఎంత కాల్చినా బాతు పడటం లేదట. విప్పి చూపించాడు, తీగలు బాగున్నాయి, కాంతిని పట్టే సెన్సర్ టార్చికి స్పందిస్తోంది. జబ్బు తుపాకీది కాదు, గోడ మీది ఎల్ఈడీ టీవీది. ట్రిగ్గర్ నొక్కగానే ఆట తెరను రెప్పపాటు నల్లగా చేసి, బాతు ఉన్న చోట తెల్ల చతురస్రం గీస్తుంది. తుపాకీ ఆ క్షణంలోనే వెలుగు కోసం చూస్తుంది, అది కూడా ట్యూబ్ టీవీలో ఎలక్ట్రాన్ పుంజం సెకనుకు దాదాపు 15,600 గీతలు గీస్తున్నప్పటి వెలుగు కోసం. కొత్త టీవీ బొమ్మను కాసేపు తన దగ్గర ఉంచుకొని, ఆలస్యంగా, ఆ మినుకు లేకుండా చూపిస్తుంది.

ఇప్పుడు వాడు జంగ్లీఘాట్ వైపు ఎవరింట్లోనైనా పాత ట్యూబ్ టీవీ ఉందేమోనని వెతుకుతున్నాడు. దొరికితే ఆడుకో, వెనక మూత మాత్రం విప్పకు అని చెప్పాను. పిక్చర్ ట్యూబ్ మీద 20 వేల వోల్టులు దాటి కూడా ఉండవచ్చు.